గోంగూర ఏది తీసుకోమంటావ్

ఆదివారం. రాత్రి రెండింటికి పడుకుంటే పొద్దున్న ఆరున్నరకే పిన్ని ఫోన్. "రైతు బజారుకి వెళ్ళాలే, వస్తావా?" అంది. అంటే ఒక్కర్తీ వెళ్ళలేదని అర్థం. గాజువాకలో బస్సెక్కాను, ఖాళీగానే ఉంది గానీ ఎన్ఏడీ జంక్షన్ వచ్చేసరికే చున్నీ మెడకి అతుక్కుపోయింది. విశాఖ ఉక్క గురించి ఈ డైరీలో ఎన్ని పేజీలు పాడుచేశానో నాకే తెలీదు.

రాత్రి ఆలస్యానికి కారణం సినిమా. 'మార్తా మార్సీ మే మార్లీన్', 2011లో వచ్చింది. ఎలిజబెత్ ఓల్సెన్ చేసిన పిల్ల ఓ పొలంలో గుంపుగా బతికేవాళ్ళ దగ్గర్నుంచి తెల్లారగట్ల పారిపోయి అక్క ఇంటికి వస్తుంది. అంతే కథ. అక్కకి నిజం చెప్పదు, బాయ్‌ఫ్రెండ్‌తో ఉన్నానంటుంది. ఓ రాత్రి అక్కాబావల గదిలోకి తలుపు కూడా తట్టకుండా వెళ్ళి, వాళ్ళు ఏకాంతంగా ఉన్నా పట్టించుకోకుండా మంచం చివర పడుకుంటుంది. అక్క కేకలేస్తే, అందులో తప్పేముందో ఆ పిల్లకి నిజంగానే అర్థం కాదు. ఒక షాట్‌లో చెరువు పక్క ఇల్లు, తర్వాతి షాట్ పొలమా ఇల్లా అన్నది మనకి రెండు క్షణాలు తెలీదు. ఆ పిల్లకి అసలు తెలీదు.

నిద్ర పట్టనిది ఆ గుంపు నాయకుడి వల్ల కాదు. మొదట్లో ఓ సీనుంది, మగాళ్ళు ముందు తినేసి లేచాక ఆడవాళ్ళు వచ్చి కూర్చుని తింటారు. ఎవరూ ఎవర్నీ తిట్టరు, కొట్టరు. మామూలు భోజనాలు. అది చూస్తుంటే పిన్ని గుర్తొచ్చింది.

పేర్లేవీ రాయను, పిన్ని పేరు కూడా. బాబాయి చనిపోయిన ఏడాది కొంతమంది ఆడవాళ్ళు ఇంటికి రావడం మొదలుపెట్టారు. దినాలయ్యాక చుట్టాలం మేమంతా ఎవరి ఊళ్ళకి వాళ్ళం పోయాం, వాళ్ళు మాత్రం క్యారేజీలతో వస్తూనే ఉన్నారు. తిన్నావా అని అడిగింది వాళ్ళే. ఓ అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో గది, ధ్యానం, భజన, మధ్యలో కూర్చునే ఒక "అమ్మ". పిన్నికి కొత్త పేరు పెట్టారు. ఆర్నెల్లకి మా ఫోన్లు ఎత్తడం మానేసింది, ఏడాదికి మెళ్ళో గొలుసు లేదు. నాలుగేళ్ళు.

సినిమాల్లో ఇవన్నీ చాలా పెద్ద చప్పుడుతో జరుగుతాయి. గడ్డం, కళ్ళు, కాగడాలు, చివర్లో రక్తం. మనవాళ్ళయితే దొంగబాబాని పెట్టి, హీరో చేత చెంప పగలగొట్టించి, భక్తులందరికీ ఒక్క నిమిషంలో కళ్ళు తెరిపిస్తారు. అలా తెరుచుకునే కళ్ళయితే మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, ఎప్పుడో తెరుచుకునేవి. నాకు ఆ చెంపదెబ్బ సీన్లంటే ఇప్పుడు కోపం కూడా వస్తుంది, ఎందుకంటే వాటిలో భక్తులు వెర్రిబాగులవాళ్ళు, మనం మాత్రం తెలివైనవాళ్ళం. పిన్ని డిగ్రీ చదివింది, ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పింది.

'మిడ్‌సొమ్మార్' (2019) లో నెత్తురు సంగతి అలా ఉంచితే, ఒక్క సీను మాత్రం నిజం. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న అమ్మాయి నేల మీద పడి ఏడుస్తుంటే చుట్టూ ఉన్న అక్కడి గుంపు ఆడవాళ్ళంతా ఆమెతోపాటే, ఆమె ఊపిరికి ఊపిరి కలిపి ఏడుస్తారు. ఆ అమ్మాయి ప్రియుడు అంతకుముందు ఒక్కసారైనా అలా ఏడ్చినవాడు కాదు. ఎవరైనా అక్కడే ఉండిపోరా మరి? సత్యజిత్ రాయ్ 'దేవి' (1960) ఇంకా భయంకరం, అందులో గురువే లేడు. మామగారికి కల వస్తుంది, కోడలు సాక్షాత్తూ కాళి అని. భర్త తీసుకుపోదామని ఏటి ఒడ్డుదాకా తెస్తాడు, అక్కడ ఆ పిల్ల ఆగిపోతుంది, నేను నిజంగానే దేవినేమో అని. పారిపోవడానికి దారి ఉంది, మనిషి తోడున్నాడు, కాళ్ళు కదలవు.

1978లో గయానాలోని జోన్స్‌టౌన్‌లో ఓ గురువుని నమ్ముకున్న గుంపువాళ్ళు 900 మందికి పైగా చచ్చిపోయారు, వాళ్ళలో చిన్నపిల్లలే వందల్లో. అప్పట్నుంచీ సినిమావాళ్ళకి కల్ట్, అంటే ఇలాంటి గుంపు, అనగానే ఆ ముగింపే కావాలి కాబోలు. కానీ చావకుండా బయటపడి, ఇంటికొచ్చి, బియ్యం కడుక్కుంటూ బతికేవాళ్ళే కదా ఎక్కువమంది.

రైతు బజార్లో ఆకుకూరల దగ్గర పిన్ని ఆగింది. ఎర్ర గోంగూర ఒక కట్ట, తెల్ల గోంగూర ఒక కట్ట, చెరో చేత్తో పట్టుకుని నా వైపు చూసింది.

"ఏది తీసుకోమంటావ్?"

"నీకు ఏది ఇష్టమైతే అది, పిన్నీ."

నిలబడిపోయింది. వెనకాల జనం తోసుకుంటున్నారు, అమ్మే ఆవిడ "ఏటమ్మా, తేల్చండి" అంటోంది, పిన్ని పైపెదవి మీద చెమట. నాకు టెన్షన్ వచ్చి రెండూ సంచిలో వేయించేశాను. తర్వాత అనిపించింది, నేనూ "అమ్మ" చేసిన పనే చేశానా అని.

ఇంటికొచ్చి ఆకు వలుస్తూ సినిమా కథ చెప్పాను. చెప్పొచ్చో లేదో అనుకుంటూనే. పేరు మార్చారని చెప్పగానే చేతులు ఆగాయి. రాబర్ట్ లిఫ్టన్ అనే సైకియాట్రిస్టు 1961లోనే రాశాడట, ఇలాంటి చోట్ల ఆలోచనని అక్కడికక్కడే ఆపేసే మాటలు కొన్ని తయారుచేసి పెట్టుకుంటారని. మీకూ అలాంటివి ఉండేవా అని అడిగా. కాసేపటికి అంది, "అది మనసు మాట, నీ మాట కాదు, అనేవారు. గొలుసు అడిగినప్పుడు వద్దనిపించింది. అది మనసు మాట అనుకున్నాను."

"మరి ఎలా మానేశావు?" ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు నేను.

"మోకాలు నొప్పే. లిఫ్ట్ పాడైంది, మెట్లెక్కలేక ఓ వారం వెళ్ళలేదు. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని చూశాను. రెండు వారాలు చూశాను."

అంతే. జ్ఞానోదయం లేదు, హీరో లేడు. ఆకు వలవడం మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ పిల్ల మళ్ళీ అక్కడికి పోతుందా?" అంది చివర్లో. తెలీదు పిన్నీ, ఓ కారు వెంటపడుతున్నట్టు చూపించి ఆపేశారు, అది నిజమో ఆ పిల్ల భయమో కూడా చెప్పలేదు అన్నాను. పిన్ని తలూపింది, సినిమా తనూ చూసినట్టు.

పన్నెండున్నరకి నాకు వడ్డించి తను నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చుంది. కంచంలో అన్నం పెట్టుకుని, ఒక్క క్షణం, నా కళ్ళలోకి చూసింది. నేను కావాలనే తల దించుకుని పచ్చడి కలుపుకున్నాను.

"ఏకాదశికి అక్కడ పులిహోర పెట్టేవారే," అంది తినడం మొదలుపెట్టాక. "అలాంటి పులిహోర మళ్ళీ ఎక్కడా తినలేదు."