ఎనిమిది కుక్కల తోటలోకి మా చిట్టి

మా చిట్టి విజయవాడలో బందరు కాలువ గట్టున, ఆరు నెలల వయసులో తడిసి ముద్దై దొరికిన ఊరకుక్క. కుక్కపిల్లకు 3వ వారం నుంచి ఇంచుమించు 14వ వారం వరకు తోటి కుక్కలతో, మనుషులతో ఏర్పడే పరిచయం జన్మంతా నిలుస్తుంది. ఆ వారాలు చిట్టికి ఎలా గడిచాయో మాకు తెలియదు గానీ, వీధి చివర మరో కుక్క మొరిగితే చాలు, తోక కాళ్ల మధ్య ముడుచుకుని గోడకు అతుక్కుపోతుంది.

ఈ మే నెలలో విజయవాడ పక్కనున్న నున్న అనే ఊరి దగ్గర మా పెద్దమ్మగారి మామిడితోటలో నెల రోజులు ఉండవలసి వచ్చింది. కాయ దిగే రోజులు కనుక అక్కడ ఎనిమిది కాపలా కుక్కలున్నాయి. "లోపల వదిలెయ్యవే, నాలుగు అరుపులు అరుచుకుని అవే సర్దుకుంటాయి" అని పెద్దమ్మ అన్నది. నాకు మనసొప్పలేదు. నిరుడు ఒక పెళ్లికి వెళుతూ చిట్టిని వారం రోజులు ఒకచోట ఉంచితే, అక్కడివాళ్లు మొదటి గంటలోనే దానిని కుక్కల గుంపు మధ్యకు పంపించారు. "చాలా బుద్ధిగా ఉంది, కదలనే లేదు" అని మెచ్చుకుంటూ అప్పగించారు. ఇంటికి వచ్చాక మూడు రోజులు అది మంచం కింద నుంచి బయటకు రాలేదు. భయపడిన కుక్క కదలకుండా ఉన్నదంటే అలవాటు పడిందని కాదు, బిగుసుకుపోయిందని అర్థం.

అందుకే ముందుగా అన్నిటికీ రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు పడ్డాయని రూఢి చేసుకుని, పరిచయాన్ని తోట గేటు దగ్గర కాకుండా బయటి మట్టిబాట మీద మొదలుపెట్టాము. గేటు కాపలా కుక్కలకు సొంత హద్దు. అక్కడ ఎనిమిదీ ఒక్కసారిగా మీద పడతాయి. ఎండకు నేల కాలి పాదాలు బొబ్బలెక్కకుండా ఉదయం ఐదున్నరకే బయలుదేరేవాళ్లం.

మొదటి రోజు అన్నిటిలోకి పెద్దదీ, నెమ్మదైనదీ అయిన భైరవను ఒక్కదానినే కాపలా తాత పట్టుకొచ్చాడు. రెండింటినీ ఎదురెదురుగా తేకుండా, ముప్పై అడుగుల ఎడంతో ఒకే దిక్కుకు నడిపించాము. తాడు బిగిస్తే మన చేతిలోని కంగారు కుక్క మెడకు చేరుతుంది కనుక దానిని వదులుగానే ఉంచాను. చిట్టి మాటిమాటికీ మూతి నాకుకున్నది, నిద్ర రాకపోయినా ఆవలించింది, కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనబడింది. ఇవన్నీ భయపు గుర్తులే కనుక, కనబడినప్పుడల్లా పది అడుగులు పక్కకు జరిగాను. అరగంటకు భైరవ ఒక తాటిచెట్టు మొదట్లో కాలెత్తి పోసి ముందుకు సాగింది. చిట్టి మెడ చాచి ఆ తడిని చాలాసేపు వాసన చూసి, నీళ్లలోనుంచి వచ్చినట్టు ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకున్నది. అది బిగువు సడలిన గుర్తు. అంతటితో ఆపి ఇంటికి వచ్చేశాము.

ఆ తరువాత రోజుకొక కొత్త కుక్కను కలిపాము. నాలుగో రోజున తొందరపడి రెండింటిని ఒకేసారి తీసుకురమ్మన్నాను. చిట్టి పళ్లు చూపి, తరువాత వణుకుతూ నా కాళ్ల వెనక్కు దూరింది. అది నా తప్పు. మరునాడు ఎవరినీ కలపకుండా విశ్రాంతినిచ్చి, మళ్లీ భైరవతోనే మొదలుపెట్టాను. ఎగిరి మీద పడే కుర్రకుక్క టైగర్‌ను చివరికి ఉంచాము.

పదకొండో రోజున తోటలోకి వెళ్లాము. ముందు ఖాళీ తోటలో చిట్టిని ఇష్టం వచ్చినట్టు తిరగనిచ్చి, ఆ తరువాత కుక్కలను రెండేసి చొప్పున వదిలాము. ఎవరమూ ఒకచోట నిలబడలేదు. మనుషులు ఆగితే కుక్కలు అక్కడే గుమిగూడతాయి. ఉడికించిన కోడిమాంసం ముక్కలు జేబులో ఉన్నా, గుంపులో పోట్లాట వస్తుందని బయటకు తీయలేదు. టైగర్ ముందుకాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి ఆటకు పిలిచింది. చిట్టి వెళ్లలేదు, నేను పంపనూ లేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు అన్నీ రసాల చెట్టు కింద పడుకుంటాయి. చిట్టి భైరవకు నాలుగు మూరల దూరంలో, గుంపుకు వీపు పెట్టి నిద్రపోతుంది. అన్నం మాత్రం ఇంకా వరండాలో విడిగానే పెడుతున్నాను.