డ్యామ్ సేఫ్టీ ప్యానెల్ ముందు నా అవస్థ (నా అనుభవం)

మా డ్యామ్‌కి ప్యానెల్ తనిఖీ మొన్ననే అయిపోయింది, కోపం చల్లారకముందే రాస్తున్నా. మాది ప్రకాశం జిల్లాలో ఒక మట్టికట్ట ప్రాజెక్టు, మా నాన్న పుట్టకముందు కట్టింది. పేరు రాయను, నేనింకా అక్కడే ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) ఉద్యోగం చేసుకోవాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2021 డిసెంబరు 30 నుంచి డ్యామ్ సేఫ్టీ చట్టం అమల్లో ఉంది. 15 మీటర్ల ఎత్తు దాటిన ప్రతి డ్యామూ దీని కిందికి వస్తుంది, 10 నుంచి 15 మధ్య ఉన్నవి కూడా పొడవు, నిల్వ లాంటి లెక్కలకు దొరికితే వచ్చేస్తాయి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మేమే తనిఖీ చేయాలి. అది కాక బయటి నిపుణుల ప్యానెల్‌తో పూర్తిస్థాయి పరీక్ష, మొదటిది ఐదేళ్లలోపు, అంటే 2026 ఆఖరుకల్లా. అన్నిచోట్లా హడావుడి అందుకే. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరు 19న తెగిపోయింది. మన గుండ్లకమ్మలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. ఇవన్నీ చూశాక కూడా ఈ హడావుడి దండగ అనేవాళ్లని ఒక రాత్రి కట్ట దిగువ ఊళ్లో పడుకోమనండి.

ప్యానెల్‌కి చూపించడానికి డ్యామ్ డ్రాయింగులు కావాలంటే మాత్రం ఆఫీసులో అడగొద్దు. రికార్డు రూములో ఉన్నాయనే అంటారు, తాళం ఎవరి దగ్గరుందో చెప్పరు. నేను రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఇంటికెళ్లి, ఆయన అటక మీద నుంచి జిరాక్సులు తెచ్చుకున్నా. గేట్ల దగ్గర ఇబ్బంది లేదు, ఒకటి ఎత్తి దించి చూపించాం, రోప్‌లకి గ్రీజు సరిపోలేదన్నారు, నిజమే.

అసలు గొడవ సీపేజీ (ఊట) రిజిస్టరు దగ్గర. కట్ట కింద టో డ్రెయిన్‌లో, అంటే ఊట నీరు పోయే కాలువలో, వీ-నాచ్ (V ఆకారపు గాటున్న పలక) ఉంటుంది, దాంట్లో ఊట నీరు ఎంత పారుతుందో చూసి, రిజర్వాయరు మట్టం పక్కన రాసిపెట్టాలి. ప్యానెల్ పెద్దాయన, రిటైర్డు చీఫ్ ఇంజినీరు, కళ్లజోడు నుదుటి మీదికి తోసి పేజీలు తిప్పుతూనే ఉన్నారు. ఏళ్ల తరబడి ఒకటే అంకె, ఒకటే పెన్ను, ఒకటే దస్తూరి. ఆదివారాలు కూడా వదల్లేదు. "ఏమయ్యా, రిజర్వాయరు ఎండినా నిండినా నీ కట్ట ఒకేలా కారుతుందా?" అన్నారు. ఆ దస్తూరి నాది కాదు, నేను చార్జి తీసుకునేసరికే ఆ పేజీలన్నీ నిండిపోయి ఉన్నాయి. చెబుదామని నోరు తెరిస్తే "నువ్వు కాకపోతే నీ కుర్చీ" అన్నారు. లష్కర్లు (గేట్లు, తూములు చూసుకునే పనివాళ్లు), డ్రైవర్లు, టీ తెచ్చిన కుర్రాడు అందరూ నన్నే చూస్తున్నారు. మా పై ఆఫీసరు గారికి సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది, మాట్లాడుకుంటూ జీపు దాకా వెళ్లిపోయారు. ఆ రాసిన మహానుభావుడు ప్రమోషన్ మీద హాయిగా ఇంకోచోట ఉన్నాడు!

ఆ రోజు నన్ను బయటపడేసింది లష్కరు తాత. ఎవరూ అడగకుండానే, "నీళ్లు నిండితే రెండో తూము పక్కన, ఆ సర్కారు తుమ్మ కాడ నేల మెత్తబడుద్ది సార్, ఎండాకాలం మామూలే" అన్నాడు. పెద్దాయన రిజిస్టరు మూసేసి నేరుగా అక్కడికే నడిచారు. అక్కడ ఊరుతున్న నీళ్లు మంచినీళ్ల సీసాలో పట్టించి, ఎండలో బండ మీద పెట్టి, మమ్మల్ని కూర్చోబెట్టారు. మట్టికట్టకి ఊట ఉండటం తప్పు కాదట, ఆ ఊట మట్టిని మోసుకొస్తుందా లేదా అన్నదే చూడాలట. మట్టి వస్తోందంటే లోపల దారి పడుతున్నట్టే, అది పెద్దదైతే కట్ట నిలవదు. తూముల పక్కన, చెట్ల వేళ్ల వెంట ఆ దారి తొందరగా పడుతుంది. సీసా అడుగున ఏమీ పేరుకోలేదు. నాకప్పుడు ఊపిరాడింది. తుమ్మలు కొట్టించమని, అక్కడ ఇంకో వీ-నాచ్ పెట్టమని రాసుకున్నారు.

తాత వచ్చే ఏడాది రిటైరు. ఈ రోజుల్లో లష్కరు దిగిపోతే పోస్టు కూడా ఆయనతోనే పోతుంది, ఔట్‌సోర్సింగ్ కుర్రాడికి మోటారు స్విచ్ ఎక్కడుందో తెలుసు గానీ నేల ఎక్కడ మెత్తబడుతుందో ఎవరు చెప్తారు? కట్ట లోపలి నీటి ఒత్తిడి చూపే పీజోమీటర్లు ఎప్పుడో పాడయ్యాయి, మాకున్న పరికరం ఆయనే. ఆయన చెప్పినవన్నీ ఇప్పుడు నోట్‌బుక్కులో రాసుకుంటున్నా. వీ-నాచ్ రీడింగు నేనే వెళ్లి తీస్తున్నా, తేదీ పడేలా ఫొటోతో సహా. మా సబ్‌డివిజన్‌లో ఇలా చేసేది నేనొక్కణ్ణే, గొప్పే అనుకోండి.

ప్యానెల్ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోపు ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ సరిచేయమన్నారు. వరదొస్తే దిగువ ఊళ్లలో ఎవరికి ఫోన్ చేయాలో అందులో జాబితా ఉంటుంది. మొదటి నంబరుకి కొడితే ఆ సర్పంచి గారు పోయి చాలా కాలమైందట, ఫోనెత్తిన వాళ్లబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు. మిగతా నంబర్లకి సోమవారం నుంచి చేయాలి.