కాటన్ గ్రీన్‌లో కాటన్ దొర

ఈరోజు ఆఫీసుకి సెలవు పెట్టి అమ్మని ముంబైలో క్రాఫర్డ్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. జీడిపప్పు బేరంలోనే గంట గడిచింది. తిరుగు ప్రయాణంలో సీఎస్‌ఎంటీ స్టేషన్లో పన్వేల్ లోకల్ రైలు ఎక్కాం. బండి బయల్దేరేది అక్కడే, పైగా మిట్టమధ్యాహ్నం, లేడీస్ డబ్బాలో కిటికీ సీటు దొరికింది. నాలుగేళ్లుగా ఈ హార్బర్ లైన్లో తిరుగుతున్నాను. నాకెప్పుడైనా అలాంటి సీటు దొరికితే చేసే పని ఒక్కటే, నిద్రపోవడం.

అమ్మ కుడివైపు కూర్చుంది. ఓడరేవు అటే. శాండ్‌హర్స్ట్ రోడ్ దగ్గర మా లైను మేడెక్కినట్టు పైకెక్కుతుంది. "ఇళ్లలోకి దూరిపోతోందేంటే బండి!" అంది. రే రోడ్ వచ్చేసరికి రేకుల షెడ్లు, పెంకుల గోడౌన్లు, కుప్పలుగా పాత ఇనుము. పాత ఓడల్ని విప్పదీసే దారూఖానా ఇక్కడికి దగ్గరే. అమ్మ కిటికీ కమ్మీల మీద నుంచి చెయ్యి తీసి చూసుకుంది. అరచేతిలో ఎర్రగా తుప్పు గీతలు. కొంగుకి తుడుచుకోబోయి ఆగి, నా చున్నీకి తుడిచింది.

"రేవు పక్కనే పోతున్నామన్నావు, సముద్రం ఏదీ?"

నిజమే. పేరుకే హార్బర్ లైను. నీళ్లు కనపడనివ్వకుండా గోడౌన్లు అడ్డం.

అంతలో "పుఢీల్ స్టేషన్, కాటన్ గ్రీన్" అని వినిపించింది. అమ్మ నిటారుగా కూర్చుంది. "మన కాటన్ దొరేనా?"

ధవళేశ్వరంలో పుట్టిన మనిషి. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన దొరగారి పేరు వింటే ఊరుకుంటుందా? "కాదమ్మా, ఇది పత్తి కాటన్. ఒకప్పుడు కొలాబాలో ఉండే పత్తి బజారును తర్వాత ఇటు మార్చారు" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. ఆ ముఖం చూడలేక 1944 ఏప్రిల్ 14 సంగతి ఎత్తుకున్నాను. ఈ రేవులోనే విక్టోరియా డాక్‌లో ఆగిన ఫోర్ట్ స్టికిన్ ఓడలో పేలుడు సామగ్రి, పత్తి బేళ్లు, బంగారు కడ్డీలు, అన్నీ ఒకే చోట! అలా సర్దిన వాళ్లని ఏమనాలి? నిప్పంటుకుంది. రెండు పేలుళ్లు. వందలమంది పోయారు, ఆర్పడానికి వెళ్లిన ఫైరింజన్ వాళ్లే 66 మంది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "బంగారం ఏమైంది?" అంది.

మైలు దూరంలో ఒకాయన ఇంట్లో కడ్డీ పడిందట, తీసుకెళ్లి అప్పజెప్పాడట అన్నాను. "పాపం" అంది. ఎవరి గురించో నేను అడగలేదు.

సివ్రీలో క్లిప్పులమ్మే ఆవిడ అట్ట నిండా చెవిదుద్దులు వేలాడేసుకుని ఎక్కింది. ఆ తర్వాత అమ్మ కిటికీ వైపు చూస్తే ఒట్టు. ఇరవై రూపాయల జత కోసం వడాలా దాకా బేరం, అదీ తెలుగులోనే. పదిహేనుకి ఇచ్చేసింది మహాతల్లి.

చివరికి వాషీ వంతెన మీద నీళ్లు కనిపించాయి. చూపిద్దామని తిరిగేసరికి అమ్మ ఫోన్లో పిన్నితో మాట్లాడుతోంది.

"అవునే, కాటన్ దొర పేరుతో ఇక్కడ స్టేషనే ఉంది! నా కళ్లతో చూశాను."