గడ్డి పాతుకునే మూడేళ్లు

కిందటి నెలలో మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేసి, "అక్కా, గడ్డి పెంచడానికి అడిగితే మన మెట్టచేను కౌలుకు ఇవ్వచ్చా?" అని అడిగాడు. మాది కనిగిరి వైపు. 2025 ఏప్రిల్‌లో దివాకరపల్లి దగ్గర రిలయన్స్ సంస్థ కంప్రెస్డ్ బయోగ్యాస్ (గడ్డి, పేడ లాంటివి కుళ్లబెట్టి తీసే ఇంధన వాయువు) ప్లాంటుకు శంకుస్థాపన జరిగినప్పటి నుంచి, రాష్ట్రంలో ఇలాంటివి 500 ప్లాంట్లు వస్తాయని, వాటికి బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతారని మా ప్రాంతంలో ప్రతి రచ్చబండ దగ్గరా చెప్పుకుంటున్నారు. నేనుండేది అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో, నాక్స్‌విల్ పట్టణంలో. ఇక్కడికి గంట ప్రయాణంలో వోనోర్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి రైతులు దాదాపు ఇదే ప్రశ్నను 2008లో ఎదుర్కొన్నారు. అందుకే తమ్ముడికి వెంటనే జవాబు చెప్పకుండా ఒక శనివారం అటు వెళ్లి వచ్చాను.

ఇథనాల్ అనే ఇంధనం తీయడానికి అక్కడ పెంచిన గడ్డి పేరు స్విచ్‌గ్రాస్. ఉత్తర అమెరికా మైదానాల్లో అనాదిగా పెరుగుతున్న బహువార్షిక గడ్డి ఇది. మన సామకూ, వరిగకూ దాయాది, ఒకే ప్రజాతికి చెందిన మొక్క. ఒకప్పుడు ఒప్పందం కింద ఈ గడ్డి పెంచిన ఒక పెద్దాయన పొలం గట్టున ఇంకా మిగిలి ఉన్న దుబ్బులను దగ్గరగా చూసినప్పుడు, కంకి విచ్చుకున్న తీరులో నాకు మా వరిగచేనే కనబడింది. కాడ మాత్రం జొన్నచొప్పలా గట్టిగా ఉంది, ఎత్తు నా తల దాటింది. దీని వేళ్లు పది అడుగుల లోతు వరకు దిగుతాయి. ఒకసారి పాతుకుంటే పదేళ్లకు పైగా మళ్లీ దున్నే పని ఉండదు, వాలు నేలల్లో మట్టి కొట్టుకుపోదు, ఎరువు తక్కువ చాలుతుంది. మంచు పడి ఆకు ఎండిన తరువాత కోస్తే పోషకాలు వేళ్లలోకి తిరిగి చేరిపోతాయి, నేల మీద గూళ్లు కట్టే పిట్టల పిల్లలు కూడా అప్పటికే ఎగిరిపోయి ఉంటాయి. నెబ్రాస్కా, ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల్లోని పది పొలాల్లో అయిదేళ్లు లెక్కలు రాసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ గడ్డి నుంచి తీసే ఇథనాల్ వల్ల పెట్రోలుతో పోలిస్తే వాతావరణానికి చేటు చేసే వాయువులు 94 శాతం తగ్గుతాయని అంచనా వేశారు.

ఇంత మంచి మొక్కకు ఒక్క పెద్ద చిక్కు ఉంది. విత్తనం మరీ సన్నం, మొలక నెమ్మది. మొదటి ఏడాది కలుపును తట్టుకుని నిలబడడమే గొప్ప. పూర్తి దిగుబడి మూడో ఏటికి గాని రాదు. ఆ మూడేళ్లు రైతు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నదే ఇలాంటి ప్రణాళికలో మొదటి ప్రశ్న కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ విషయంలో టెనెస్సీ వాళ్లు సరిగానే ఆలోచించారు. రాష్ట్ర ప్రభుత్వం 2007లో సుమారు 7 కోట్ల డాలర్లు కేటాయించి, టెనెస్సీ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఒక పథకం ప్రారంభించింది. వోనోర్‌కు యాభై మైళ్ల లోపు రైతులతో మూడేళ్ల ఒప్పందాలు చేసుకున్నారు. టన్నుల లెక్కన కాక ఎకరాకు ఏడాదికి 450 డాలర్ల లెక్కన చెల్లించడంతో, గడ్డి పలచగా మొలిచిన ఏడాది కూడా రైతు చేతిలో డబ్బు పడింది. విశ్వవిద్యాలయం నిపుణులు పొలాలకు వచ్చి విత్తే లోతు దగ్గర నుంచి నేర్పారు. 2010 నాటికి సాగు అయిదు వేల ఎకరాలు దాటింది. అదే ఏడాది జనవరిలో రసాయనాల కంపెనీ డ్యూపాంట్ భాగస్వామ్యంతో ఏటా రెండున్నర లక్షల గ్యాలన్ల ఇథనాల్ తీసే సామర్థ్యమున్న ప్రయోగాత్మక కర్మాగారం వోనోర్‌లో మొదలైంది.

అసలు పెద్ద కర్మాగారం మాత్రం అక్కడికి రాలేదు. డ్యూపాంట్ దాన్ని అయోవా రాష్ట్రంలోని నెవాడా అనే ఊళ్లో, మొక్కజొన్న చొప్ప ముడిసరుకుగా 2015లో తెరిచి, రెండేళ్లకే మూసివేస్తున్నట్టు ప్రకటించింది. దేశం మొత్తం మీద 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం, అంటే గడ్డి, చొప్ప లాంటి వాటి పీచు నుంచి వచ్చే ఇంధనం, తీయాలని 2007 చట్టంలో రాసుకున్న లక్ష్యానికి దరిదాపుల్లోకి కూడా ఎవరూ చేరలేదు. కొనేవాడు లేని ఇంధనపు గడ్డి సంగతి ఆ పెద్దాయన నాకు వివరంగా చెప్పాడు. పశువుల మేతగా వాడాలంటే లేతగా ఉన్నప్పుడే కోయాలి. గుర్రాలకు, గొర్రెలకు, మేకలకు మాత్రం పెట్టకూడదు, ఇందులోని సాపోనిన్లు అనే పదార్థాలు వాటి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఆయన అదృష్టం కొద్దీ ఆవులు ఉండడం వల్ల కొంత మేపుకున్నాడు, మిగిలిన పొలాన్ని మందు కొట్టి, దున్ని, మళ్లీ పాత పచ్చికకు తెచ్చుకున్నాడు. ఆ ఖర్చు సంగతి ముందే మాట్లాడుకుని ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటున్నాడు.

వింటున్నంతసేపూ నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో జట్రోఫా, అంటే మా వాళ్లనే అడవి ఆముదం, బయోడీజిల్‌కు పనికొస్తుందని ఊరూరా ప్రచారం జరిగింది. మొక్కలు తెచ్చి ఇచ్చిన వాళ్లే గింజలు కొంటామన్న మాట మీద నాన్న రెండెకరాల కందిచేను వదులుకుని వాటిని నాటాడు. కాయ కాసే సమయానికి అడిగిన వాడూ లేడు, కొన్న వాడూ లేడు. మేకలు కూడా ముట్టని ఆ చెట్లను పీకించడానికి కూలీ ఎదురు పెట్టుకోవలసి వచ్చింది.

దూరం, రోడ్డు, నిల్వ అనే మూడు విషయాలను కాగితం మీద లెక్క వేసి చూశాను. ఏటా రెండున్నర కోట్ల గ్యాలన్ల ఇథనాల్ తీసే కర్మాగారం అనుకుందాం. టన్ను ఎండుగడ్డికి 75 గ్యాలన్లు, ఎకరాకు ఆరు టన్నుల దిగుబడి వేసుకుంటే సుమారు 55 వేల ఎకరాలు కావాలి. అంటే వోనోర్ చుట్టూ అతి కష్టం మీద కూడగట్టిన సాగుకు పది రెట్లకు పైగా. లారీకి పదిహేడు టన్నుల చొప్పున, ఏడాదికి 300 పని దినాలు వేసుకుంటే రోజుకు 65 లారీలు బరువుతో వచ్చి, ఖాళీగా తిరిగి వెళ్లాలి. బడి బస్సులు తిరిగే రెండు వరుసల పల్లె రోడ్డు మీద 130 సార్లు లారీ పోవడమంటే ఏమిటో ఆ రోడ్డు పక్క ఇళ్లవాళ్లకు ముందుగా చెప్పాలి. పైగా గడ్డిని కోసేది ఏడాదికి ఒకసారి, కర్మాగారం నడవాల్సింది ఏడాది పొడుగునా. నేల మీద నేరుగా పెట్టిన గడ్డి మోపును ఆ పెద్దాయన దొర్లించి చూపించాడు. అడుగున జానెడు మందాన నల్లబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. మా నాన్న వామి వేసేటప్పుడు కింద రాళ్లు, పైన కంప పరిచేది ఎందుకో నాకు ఇక్కడ బాగా అర్థమైంది.

వోనోర్‌కు మరో జ్ఞాపకం ఉంది. టెల్లికో ఆనకట్ట కోసం ఈ లోయలో మూడు వందలకు పైగా కుటుంబాలు భూములు వదులుకున్నాయి. 1979 నవంబరులో గేట్లు దించాక, టెనెస్సీ అన్న పేరుకు మూలమైన తనాసీ అనే చెరొకీ ఆదివాసుల పురాతన గ్రామస్థలం కూడా నీళ్ల కిందకు పోయింది. పరిశ్రమలు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అన్న మాట మీద ఒకసారి భూమి పోగొట్టుకున్న చోట, రెండోసారి భూమి అడగకుండా ఒప్పందం మాత్రమే అడగడం మంచి పద్ధతి అని నాకనిపించింది. భూమి, నిర్ణయం రెండూ రైతు దగ్గరే ఉండడం వల్లే ఆ పెద్దాయన తిరిగి ఆవులు మేపుకోగలుగుతున్నాడు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది "బంజరు" అన్న మాట. ఇక్కడ పనికిరాని భూమిగా లెక్కలో రాసుకున్నది నిజానికి ఆవుల పచ్చిక. ఆ పచ్చికను ఇంధనానికి మళ్లిస్తే ఆవుల మేత కోసం ఇంకెక్కడో అడవి నరకవలసి రావచ్చు, అప్పుడు వాతావరణానికి చేసిన మేలు అక్కడే ఖర్చయిపోతుంది. మా వైపు బంజరంటే జీవాల మేత, వంటచెరకు, రేగుపళ్లు. పైగా స్విచ్‌గ్రాస్ ఇక్కడి యాభై అంగుళాల వానతోనే బతుకుతుంది గాని, ఏడాదికి నాలుగైదు కోతలిచ్చే నేపియర్‌కు తడి కావాలి. బోర్లు వందల అడుగులు దిగినా, వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న మా మెట్టలో ఆ తడి ఎక్కడి నుంచి తెస్తారో సర్వే నంబర్ల వారీగా చెప్పాలి.

ఇవన్నీ రాసి తమ్ముడికి పంపాను. మొదటి మూడేళ్లు చెల్లింపు ఎకరాకా టన్నుకా, కంపెనీ మానేస్తే దుబ్బులు పెకలించే ఖర్చు ఎవరిది, నీళ్లు ఏ బోరువి, లారీలు మన బడి ముందు నుంచి వెళతాయా, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోకుండా సంతకం పెట్టవద్దన్నాను. మరునాడు జవాబు పెట్టాడు. ఊళ్లో ఇంకా సభ జరగలేదట. జరిగే రోజున గొర్రెల కాపర్లు పొద్దున్నే మేతకు వెళ్లిపోకుండా ముందు రోజే వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పి వస్తానన్నాడు.