ఫ్రీజర్‌లో దాచిన స్పోర్లు

అమెరికాలో పీహెచ్‌డీ మొదటి ఏడాది నాకిచ్చిన పని వినడానికి చిన్నదే. ఆరోగ్యంగా ఉన్న తేనెటీగలకు నోసీమా సెరానే అనే పేగు పరాన్నజీవిని అంటించాలి, తర్వాత వాటి పేగు కణాల్లో ఏ జన్యువుల పని పెరిగిందో, ఏది తగ్గిందో చూడాలి. ఆ అంటించడానికే మూడు నెలలు పట్టింది.

నోసీమా ప్లేటులో పెరిగే రకం కాదు, దానికి బతికున్న కణం కావాలి. అందుకే జబ్బు పడిన ఈగల పేగులు తీసి, నీళ్లలో నూరి, వడగట్టి స్పోర్లు (జబ్బును అంటించే, విత్తనాల్లాంటి దాని కణాలు) పోగేయాలి. కొండి దగ్గర పట్టకారుతో పట్టి మెల్లగా లాగితే పేగు దారంలా వస్తుంది. మొదటి వారం నా చేతిలో సగం తెగిపోయేవి. మైక్రోస్కోపులో స్పోర్లు బియ్యపు గింజల్లా మెరుస్తాయి. అది సెరానేనా, దాని దాయాది నోసీమా ఎపిసా అన్నది ఆకారం చూసి తేల్చలేం, డీఎన్‌ఏ ముక్కను బోలెడు కాపీలు చేసి చూసే పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే. ఆ ముక్క గీత (బ్యాండ్) 218 బేసుల పొడవు దగ్గర వస్తే సెరానే, 321 దగ్గర వస్తే ఎపిస్. నాకు 218 వచ్చింది. సంబరపడి, మిగిలిన స్పోర్లను అల్లం వెల్లుల్లి ముద్దలా చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజర్‌లో దాచాను.

పిల్ల ఈగలు బయటికొచ్చే ఫ్రేమును 34 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి, కొత్త ఈగలను రెండు గంటలు పస్తుంచి, ఒక్కో దానికి లక్ష స్పోర్లు కలిపిన పంచదార పాకం పిపెట్‌తో తాగించాను. పన్నెండో రోజు పేగులు కోసి చూస్తే ఏమీ లేదు. రెండోసారీ అంతే. నా చెయ్యే బాగాలేదనుకున్నా. ఆ టెన్షన్‌లో గుంటూరు సీనియర్ దగ్గరికెళ్లాను.

"స్పోర్లు ఎక్కడ పెట్టావురా?"

"మైనస్ ఇరవైలో, అక్కా."

"చంపేశావు పో. ఎపిస్ అయితే తట్టుకునేది. సెరానేకి గడ్డకట్టే చలి పడదు."

స్పోరు లోపల పోలార్ ట్యూబ్ అనే సన్నని గొట్టం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ఈగ పేగులోకి చేరగానే స్పోరులోకి నీరు ఎక్కి, ఒత్తిడి పెరిగి, ఆ గొట్టం ఒక్కసారిగా బయటికి దూసుకొస్తుంది. దాని గుండానే పరాన్నజీవి లోపలి సరుకంతా పేగు కణంలోకి జారుతుంది. నా ఫ్రీజర్ స్పోర్లు ఆ పని చేయలేకపోయాయి. అయినా మైక్రోస్కోపులో మెరిశాయి. డీఎన్‌ఏ చెడలేదు కాబట్టి పీసీఆర్ బ్యాండూ ఇచ్చాయి. లెక్కపెట్టినంత మాత్రాన బతికున్నట్టు కాదని నాకెవరూ ముందు చెప్పలేదు (నేనూ అడగలేదనుకోండి).

మూడోసారి పొద్దున తీసిన స్పోర్లను మధ్యాహ్నానికే తాగించాను. వారం తిరక్కముందే తేడా కనిపించింది. జబ్బు ఈగల పంజరాల్లో పాకం ట్యూబులు తొందరగా ఖాళీ అవుతున్నాయి. నోసీమాకు శక్తి తయారుచేసే అసలైన మైటోకాండ్రియా లేదు, సొంతంగా చేసుకోగల శక్తి చాలా తక్కువ. అందుకే పొర మీదున్న రవాణా ప్రొటీన్లతో ఈగ కణం తయారుచేసుకున్న ఏటీపీని, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువును, లాగేసుకుంటుంది. ఈగ తిన్నది దానికి చాలదు. పాఠంలో చదివిన ఆకలిని నేను ఆదివారం కూడా ల్యాబుకెళ్లి పాకం పోస్తూ చూశాను. పన్నెండో రోజు లెక్క ఈగకు లక్షల్లో తేలింది.

ఈ వారం, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్‌ఎన్‌ఏ తీయడం మొదలుపెట్టాను. ఆ ట్యూబులు మాత్రం మైనస్ ఎనభైలోనే ఉండాలట. పెట్టేముందు అక్కని రెండుసార్లు అడిగాను.