స్టేజీ మీద మావాడి పంచె తడిసిన రోజు

ఇది రాసే ముందు మావాణ్ణి అడిగా. ఇప్పుడు థర్డ్ గ్రేడ్ వాడు. "నా పేరు రాయకు, ఫోటో పెట్టకు, మిగతాది రాసుకో అమ్మా" అన్నాడు. అందుకే పేరు చెప్పట్లేదు, ఊరు కూడా డాలస్ చుట్టుపక్కల అనుకోండి చాలు. మొన్న తెలిసినమ్మాయి ఒకామె ఫోన్ చేసి, వాళ్ళ పాప గుడి ప్రసాదాల లైన్లో పాస్ పోసేసుకుందని, చుట్టూ ఉన్నవాళ్ళు అన్న మాటలకి పాప కంటే తనే ఎక్కువ ఏడ్చిందని చెప్పింది. ఆ అమ్మాయికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తే ఇంకెవరికైనా పనికొస్తాయనిపించింది.

మావాడికి అప్పుడు అయిదేళ్ళు, కిండర్‌గార్టెన్. ఉగాది ప్రోగ్రామ్‌లో చిన్ని కృష్ణుడి వేషం. ప్రోగ్రామ్ ఒక మిడిల్ స్కూల్ ఆడిటోరియంలో, మూడింటికి మొదలన్నారు, పిల్లల్ని రెండింటికే రెడీ చేసి తీసుకురమ్మన్నారు. మా అమ్మ అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, పసుపు పట్టుపంచె కుచ్చిళ్ళు పోసి, జారిపోకుండా లోపల బనీనుకి పిన్నీసులు పెట్టి, పైన వడ్డాణం బిగించి, నెమలిపింఛం పెట్టి ఎంత ముద్దుగా తయారు చేసిందో. ఇక అక్కడ దీపం వెలిగించడం, పంచాంగ శ్రవణం, స్పాన్సర్లకి శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు మాటలు, పిల్లల ఐటమ్స్ వచ్చేసరికి అయిదు దాటింది. అప్పటిదాకా పిల్లలందరూ వేషాల్లో స్టేజీ వెనక కారిడార్లో వరసగా నిలబడి ఉన్నారు, ఏడవకుండా ఉండాలని వాలంటీర్లు జ్యూస్ ప్యాకెట్లు ఇస్తూనే ఉన్నారు. పేరెంట్స్‌ని లోపలికి రానివ్వలేదు, గందరగోళం అవుతుందని.

డాన్స్ సగంలో మావాడు ఆగిపోయాడు. పిల్లనగ్రోవి పట్టుకుని కాళ్ళు రెండూ దగ్గరగా బిగబట్టి అలా నిలబడిపోయాడు, ముందు అందరూ స్టెప్పులు మర్చిపోయాడేమో అనుకున్నారు, చప్పట్లు కొట్టి ఎంకరేజ్ చేశారు కూడా. నేను సైడు నుంచి చూస్తున్నా, నాకు వాడి మొహం చూడగానే తెలిసిపోయింది. పసుపు పట్టు కదా, తడిస్తే ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. చెక్క ఫ్లోర్ మీద నీళ్ళు, పక్కన గోపికల వేషంలో ఉన్న అమ్మాయిలు పరికిణీలు ఎత్తి పట్టుకుని దూరం జరిగారు, పాట మాత్రం ఆగట్లేదు. ముందు వరసల్లో "అయ్యో" అన్నారు, వెనకాల నవ్వులు, చాలా ఫోన్లు అప్పటికే పైకి లేచి ఉన్నాయి.

నేను మెట్లెక్కి వెళ్ళి నా చున్నీ వాడికి చుట్టేసి ఎత్తుకున్నా. చెవి దగ్గర "ఏం కాలేదు నాన్నా, పాస్ వచ్చింది, పోయావు, అంతే, డ్రెస్ మార్చుకుందాం పద" అన్నా. వాడు నా భుజంలో మొహం దాచేసుకున్నాడు, ఏడుపు రాలేదు, ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకు నేను మర్చిపోలేను.

కారిడార్లో ఆ స్కూల్లో క్లీనింగ్ చేసే ఒక పెద్దావిడ ఒక్క మాట అడక్కుండా పేపర్ టవల్స్, తడిబట్టలు వేసుకోడానికి ఒక కవరు తెచ్చిచ్చి స్టేజీ తుడవడానికి వెళ్ళిపోయింది. మన తెలుగావిడే ఒకామె, అప్పటిదాకా పరిచయం కూడా లేదు, పార్కింగ్ లాట్ దాకా పరిగెత్తి వాళ్ళబ్బాయి ప్యాంటు తెచ్చింది. ఆ ఇద్దరికీ ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. అదే కారిడార్లో ఇంకో పెద్దావిడ వచ్చి మావాడి బుగ్గ గిల్లి "ఇంత పెద్దాడివయ్యావు, స్టేజీ మీద ఉచ్చ పోసుకుంటారా ఎవరైనా, షేమ్ షేమ్" అంది. ఆవిడకి కోపం లేదు, వెటకారం కూడా కాదు, ప్రేమతోనే అంది, మన ఇళ్ళల్లో చిన్నప్పట్నుంచీ అందరం విన్నదే. నాకు మాత్రం ఆ క్షణంలో ఊరుకోబుద్ధి కాలేదు. "వాడితో అలా అనకండి ఆంటీ, వాడికి అన్నీ అర్థమవుతాయి" అన్నా. ఆవిడ నొచ్చుకుంది, పక్కన మా అమ్మ కూడా కొంచెం ఇబ్బంది పడింది, పెద్దవాళ్ళతో అలా మాట్లాడొచ్చా అని. మాట్లాడొచ్చు. మర్యాదగా మాట్లాడొచ్చు, కానీ పిల్లాడు వింటుండగానే మాట్లాడాలి. అమ్మ నా తరఫున నిలబడింది అన్నది వాడికి అప్పుడే తెలియాలి, ఇంటికెళ్ళాక కాదు.

కార్లో వాడు అడిగిన మొదటి మాట "అందరూ చూశారా అమ్మా?" అని. లేదు నాన్నా ఎవరూ చూళ్ళేదు అనడం తేలిక, కానీ వాడికి తెలుసు కదా. "చూశారు, కొంతమంది నవ్వారు, నవ్వడం తప్పు, నువ్వు చేసింది తప్పు కాదు" అన్నా. మా ఆయన డ్రైవ్ చేస్తూ తన చిన్నప్పుడు స్కూల్లో ప్రేయర్‌లో తనకి జరిగింది చెప్పారు. నాక్కూడా అప్పటిదాకా తెలీదు ఆ సంగతి! వాడు అది మూడు నాలుగుసార్లు చెప్పించుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. చెయ్యనిచ్చా. అంతమంది కళ్ళు పిల్లాడి మీద పడ్డాయని ఆవిడ బాధ, నాయనమ్మలూ అమ్మమ్మలూ తమ చేతనైనది చేస్తారు, పిల్లాడికి కూడా ఎవరో నాకోసం ఏదో చేస్తున్నారు అన్న ధైర్యం ఉంటుంది. తాయెత్తు కట్టించండి, భయపడ్డాడు అని ఫోన్లు చేసిన చుట్టాలకి మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం అని చెప్పా.

ఆ రాత్రే వీడియో వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది, నవ్వే ఎమోజీలతో. మా ఆయన ప్రోగ్రామ్ చేసినవాళ్ళకి ఫోన్ చేసి గ్రూపులోంచి తీయించారు, నేను వీడియో తీసిన వాళ్ళని కనుక్కుని ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశా. చాలామంది పాపం వెంటనే డిలీట్ చేసి సారీ చెప్పారు. ఒకాయన మాత్రం "చిన్నపిల్లాడే కదమ్మా, పెద్దయ్యాక చూసుకుని నవ్వుకుంటాడు" అన్నారు. పెద్దయ్యాక నవ్వుకుంటాడో లేదో వాడిష్టం అండీ, ఆ ఛాన్స్ వాడికి ఉంచండి అన్నా. ఇక్కడి పిల్లలకి మన తెలుగు గ్రూపే ఊరు, ఈ ఆడిటోరియంలో ఉన్నవాళ్ళే బర్త్‌డేల్లో ఉంటారు, సంక్రాంతికి ఉంటారు, హైస్కూల్లో కూడా వీళ్ళ పిల్లలే క్లాస్‌మేట్స్. తెనాల్లో అయితే రెండు రోజులు చెప్పుకుని మర్చిపోయేవాళ్ళు, వీడియోని ఎవరు మర్చిపోతారు?

ఇప్పుడు అసలు విషయం. డాక్టర్ దగ్గర కూర్చుని స్టేజీ భయం, సిగ్గు, అంతమంది జనం అని నేను చెప్తుంటే ఆవిడ అన్నీ విని అడిగింది మోషన్ గురించి. రోజూ వెళ్తాడా, గట్టిగా ఉంటుందా, వెళ్ళేటప్పుడు ఏడుస్తాడా, ఎంతసేపు కూర్చుంటాడు. పొట్ట నొక్కి చూసి మలబద్ధకం ఉందంది. పేగు కింది భాగం నిండిపోయి ఉంటే అది పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుందట, దాంతో పట్టాల్సినంత పట్టదు, వస్తోందన్న సంగతి కూడా పిల్లలకి ఆఖరి నిమిషం దాకా తెలీదు. ఇంకో లెక్క కూడా చెప్పింది, పిల్లల వయసుకి రెండు కలిపితే ఎన్ని ఔన్సులో వాళ్ళ మూత్రాశయంలో సుమారుగా అంతే పడుతుందట. అంటే అయిదేళ్ళవాడికి 7 ఔన్సులు, దాదాపు 200 మిల్లీలీటర్లు, ఒక గ్లాసు కూడా కాదు. రెండు జ్యూస్ ప్యాకెట్లు తాగించి మూడు గంటలు పిన్నీసుల్లో నిలబెడితే ఏ పిల్లాడు ఆగుతాడు చెప్పండి. పక్క తడపడం గురించి కూడా అడిగా, అయిదేళ్ళ పిల్లల్లో నూటికి 15 మంది దాకా రాత్రిళ్ళు తడుపుతారు, ఎక్కువమందికి అదే తగ్గిపోతుంది, తిట్టడం వల్ల తగ్గదు అంది.

మరి మలబద్ధకం ఎందుకొచ్చింది? ఆ సాయంత్రం స్నానం చేయిస్తూ మెల్లగా అడిగితే చెప్పాడు, స్కూల్లో బాత్రూమ్‌కే వెళ్ళడట. ఒకటికీ వెళ్ళడు, రెంటికీ వెళ్ళడు. అక్కడ ఫ్లష్ సెన్సర్‌తో దానంతటదే వస్తుంది, చిన్నపిల్లలు కూర్చుంటే సెన్సర్‌కి ఆనక ఎవరూ లేరనుకుని కింద నుంచి ఒక్కసారి పెద్ద శబ్దంతో లాగేస్తుంది, వాడు ఒకసారి హడలిపోయి మళ్ళీ వెళ్ళలేదు. రెండోది, నీళ్ళు లేవు. మన ఇంట్లో హ్యాండ్ షవర్ ఉంది, పుట్టినప్పట్నుంచీ కడగడమే అలవాటు, అక్కడ పేపరే, వాడికి అది శుభ్రం కాదు. ఇంట్లో మనం నేర్పిన శుభ్రం స్కూల్లో లేకపోతే అయిదేళ్ళ పిల్లాడు టీచర్‌కి అది ఎలా చెప్పుకుంటాడు, ఆపుకుంటాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటాడు.

మా అక్క కూతురు తెనాల్లో ఎయిత్ చదువుతోంది, పెద్ద ఫీజులున్న ప్రైవేట్ స్కూలే, ఆ పిల్ల కూడా ఇంటికొచ్చేదాకా ఆపుకుంటుంది, బాత్రూమ్ బాగోదని నీళ్ళే తాగదు, బాటిల్ నిండుగా తిరిగొస్తుంది. ఆ విషయం విన్నాక అమెరికా పెంపకం, ఇండియా పెంపకం అనే గొడవ నాకు చిన్నదైపోయింది.

ఆ గొడవ మా ఇంట్లోనూ వచ్చింది లెండి. మమ్మల్ని ఏడాది నిండకముందే డైపర్లు లేకుండా పోసుకోవడం అలవాటు చేశానని అమ్మ అంటుంది, నిజమే, పొద్దున్నే రెండు కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని స్‌స్‌స్ అని సౌండ్ చేస్తే పసిపిల్లలు పోసేస్తారు, మనవాళ్ళు తరతరాలుగా చేస్తున్నదే. పాత చీరలు చింపిన గుడ్డలు, కడిగేసుకునే గచ్చు నేల, ఇంట్లో ఎప్పుడూ ఒకరు. ఇక్కడ కార్పెట్, ఇద్దరికీ ఉద్యోగాలు, మా డేకేర్‌లో డైపర్లు మనమే తెచ్చివ్వాలి. ఇక్కడి పద్ధతి కూడా ఊరికే వచ్చింది కాదు, బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టర్ 1962లో 1170 మంది పిల్లల వివరాలతో ఒక పేపర్ రాశారు, పిల్లలు రెడీ అని గుర్తులు చూపించాకే మొదలుపెట్టాలి, బలవంతం వద్దు అని, అప్పట్నుంచీ ఇక్కడ డాక్టర్లు ఎక్కువగా ఆ దారిలోనే చెప్తున్నారు. అమ్మ అనుకున్నట్టు మావాడి సమస్య డైపర్ల వల్ల వచ్చింది కాదు, మూడేళ్ళకే మానేశాడు.

కానీ డాక్టర్ చెప్పిన వైద్యం విని అమ్మ ఎంత సంతోషపడిందో. రెండు మూడు గంటలకోసారి వచ్చినా రాకపోయినా వెళ్ళాలి, భోజనం అయ్యాక కాసేపు కూర్చోవాలి, పాదాల కింద స్టూల్ పెట్టాలి, మోకాళ్ళు నడుము కంటే ఎత్తులో ఉండాలి. "మనం కూర్చునేదే కదే అది, దానికి డాక్టర్ కావాలా" అని అమ్మ గరాజ్‌లోంచి చెక్కపీట తెచ్చి కడిగి బాత్రూమ్‌లో పెట్టింది. "గడప దాటే ముందు ఒకసారి వెళ్ళొచ్చెయ్" అని మా నానమ్మ అరిచే అరుపు కూడా అదే వైద్యం. డాక్టర్ ఇచ్చిన పౌడర్ నీళ్ళల్లో కలిపి కొన్నాళ్ళు వాడాం, మానడం కూడా ఆవిడ చెప్పినట్టే మెల్లగా మానాం, మీరు మీ డాక్టర్‌ని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకండి.

స్కూల్లో టీచర్‌తో మాట్లాడితే ఎంత తేలిగ్గా తీసుకుందో. స్టికీ నోట్ ఒకటి సెన్సర్ మీద అంటిస్తే వాడు లేచి తీసేదాకా ఫ్లష్ రాదు, చాలామంది పిల్లలు ఇలా భయపడతారట. బ్యాగ్‌లో స్టికీ నోట్స్, వెట్ వైప్స్, అవి టాయిలెట్లో వెయ్యకుండా చెత్తబుట్టలో వెయ్యాలని చెప్పి పంపాం, ఒక జత బట్టలు కూడా. అడిగినప్పుడల్లా పంపించమని డాక్టర్ లెటర్ ఇచ్చింది. సమస్య పెద్దదై, లెటర్‌తో పని జరగకపోతే 504 ప్లాన్ అడగొచ్చు, 1973 నాటి అమెరికా చట్టంలోని సెక్షన్ 504 కింద వచ్చేది, ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకి స్కూల్ ఏమేం ఏర్పాట్లు చెయ్యాలో రాసిస్తారు. మాకంత అవసరం రాలేదు.

తగ్గడానికి నెలలు పట్టింది, మధ్యలో మళ్ళీ జరిగింది, స్టోర్లో ఒకసారి, ఫ్రెండ్ ఇంట్లో ఒకసారి, బట్టలు మార్చి వచ్చిన పని చూసుకుని వచ్చేశాం. స్టేజీ ఇక ఎక్కనన్నాడు, సరే అన్నాం. కృష్ణుడి వేషం వెయ్యకపోతే మన కల్చర్ ఎక్కడికీ పోదు, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాడు, అమ్మమ్మతో వీడియో కాల్లో గంటలు గంటలు కబుర్లు చెప్తాడు.

ఒక్కటే రిక్వెస్ట్, ఉగాదికి, సంక్రాంతికి ప్రోగ్రామ్స్ పెట్టే అన్నలకి, అక్కలకి. చిన్నపిల్లల ఐటమ్స్ మొట్టమొదట పెట్టండి, శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు. స్టేజీ వెనక పిల్లల దగ్గర ఒకళ్ళో ఇద్దరో పేరెంట్స్‌ని ఉండనివ్వండి, స్టేజీ ఎక్కే ముందు అందర్నీ ఒకసారి బాత్రూమ్‌కి తీసుకెళ్ళండి. పంచెలకి పిన్నీసులు వద్దు, ఎలాస్టిక్ కుట్టించమని ముందే మెసేజ్ పెట్టండి. ఏ పిల్లాడికైనా స్టేజీ మీద ఇబ్బంది వస్తే మైక్ పట్టుకున్నవాళ్ళు "దయచేసి ఫోన్లు దించండి" అని వెంటనే చెప్పండి, పాట ఆపి కర్టెన్ వెయ్యండి.