మా పైవాటా అమెరికామ్మ

తిరుపతిలో కొత్త మొహం కనబడితే ఎవరైనా మొదట అడిగేది ఒక్కటే, "దర్శనం అయిందా?" ఆటోవాడు అడుగుతాడు, టీకొట్టాయన అడుగుతాడు, మందుల షాపులో జ్వరం మాత్రలిస్తూ కూడా అడుగుతారు. ఈ ఊరికి వచ్చినవాళ్లు కొండకే వచ్చుంటారని మాకు అంత నమ్మకం. మా పైవాటాలో అద్దెకు దిగిన అమెరికా అమ్మాయిని కూడా వీధి వీధంతా అదే అడిగింది. "కాలేదండీ, నేను రాళ్ల కోసం వచ్చాను" అని ఆ అమ్మాయి వచ్చీరాని తెలుగులో చెప్పేది. ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు పాలాయన నన్ను పక్కకు పిలిచి, "ఏం మా, ఆయమ్మది రాళ్ల యాపారమా? పగడాలా, పచ్చలా?" అన్నాడు.

పగడాలూ కాదు, పచ్చలూ కాదు, ఉత్త కొండరాళ్లే. ఆ అమ్మాయి చదివింది భూగర్భశాస్త్రం. వాళ్లది అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్. మన శేషాచలం కొండల్లో అడుగున గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు ఉంటాయి. కిందిది ఏర్పడి, ఎండకూ వానకూ అరిగి చదునై, లెక్కలేనన్ని ఏళ్లు అలా పడి ఉన్నాక దాని మీద ఇసుక పేరుకుని, అది గట్టిపడి పైరాయి అయింది. మధ్యలో గడిచిన కోట్ల ఏళ్లకు సాక్ష్యంగా రాయన్నదే లేదు. రెండూ కలిసే ఆ గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. దాన్ని దేశంలోని రాళ్లూ ఖనిజాలూ పరిశీలించే కేంద్ర ప్రభుత్వ సంస్థ జీఎస్ఐ (జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్లు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు కూడా. ఘాట్ రోడ్డులో పోతే కనబడుతుందట. పుట్టినప్పటి నుంచి ఆ రోడ్డున పోతున్నదాన్ని, నేనెప్పుడు చూశాను గనక! ప్రతి మలుపులో గోవిందా అనుకుంటూ, వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూసుకోవడమే సరిపోయేది.

వాళ్ల రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్‌లోనూ ఇలాంటి గీతే ఉంది. జాన్ వెస్లీ పావెల్ అనే ఆయన 1869లో కొలరాడో నది మీద పడవల్లో పోతూ దాన్ని గమనించాడు. అక్కడ కొన్నిచోట్ల మధ్యలో పోయిన కాలం వంద కోట్ల ఏళ్లకు పైమాటే. చిన్నప్పుడు వాళ్ల నాన్న చూపించిన ఆ గీతే ఈ అమ్మాయిని ఇంత దూరం లాక్కొచ్చింది. ఇంటాయన ఇదంతా విని, "అయితే మన కొండకూ వాళ్ల కొండకూ చుట్టరికమన్నమాట" అని తేల్చేశాడు.

ఆ అమ్మాయి వచ్చేముందు నాకు ఒకటే టెన్షన్. ఏసీ లేకుండా తెల్లవాళ్లు మన మే నెల ఎండను ఎలా తట్టుకుంటారా అని. తీరా వచ్చాక ఆ అమ్మాయి హాల్లో మా కూలర్‌ను చూసి, పాత స్నేహితురాలు కనబడినట్టు దాని దగ్గరికెళ్లి గడ్డి తెరలను తట్టి చూసింది. ఏసీలు రాకముందు ఫీనిక్స్‌లోనూ ఇవే వాడేవాళ్లట, వాళ్ల అమ్మమ్మ ఇంటి కప్పు మీద ఇప్పటికీ ఒకటుందట. అక్కడ ఎండాకాలంలో 45 డిగ్రీలంటే వార్తే కాదు. ఇక్కడ 42కే బాధేస్తోందంటే అది చెమట వల్లనట. అక్కడి గాలి పొడిది, చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. వానలు కూడా ఆమెకు కొత్త కాదు. జూలైలో వచ్చే గాలివానల్ని వాళ్లూ మాన్‌సూన్ అనే అంటారట. నవంబరులో ముసురు పట్టి కపిలతీర్థం జలపాతం గోధుమరంగు నీళ్లతో దూకుతుంటే, గొడుగు వేసుకుని పోయి గంటసేపు నిలబడి వచ్చింది.

మరి దేనికి ఆశ్చర్యపోయిందంటే, గుండ్లకు. ఆమె రైల్వేస్టేషన్‌లో దిగేసరికి ఎదురుగా ఒక కుటుంబం, తాత, నాయన, తల్లి, చంకలో బిడ్డ, అందరికీ నున్నటి గుండ్లు, వాటి మీద గంధం. ఇంకాస్త ముందుకు పోతే ఇంకో కుటుంబం. ఏదైనా జబ్బేమోనని కాసేపు భయపడిందట పాపం. మొక్కు సంగతి చెప్పాక వచ్చిన రెండో ప్రశ్న, "ఆ జుట్టంతా ఏం చేస్తారు ఆంటీ?" దేవస్థానం వేలం వేస్తుంది, విగ్గుల కోసం విదేశాలకు పోతుంది అన్నాను. ఫీనిక్స్‌లో కూడా 'ఇండియన్ హెయిర్' అని బోర్డు పెట్టి అమ్మే షాపులు చూసిందట. "అంటే కొండ మీది జుట్టు మా ఊరికి వచ్చింది, నేను ఇక్కడికి వచ్చాను" అని నవ్వింది.

నేను చూపించాలనుకున్నవన్నీ వరసగా చూపించాను. చంద్రగిరి కోట, గోవిందరాజస్వామి గుడి, తిరుచానూరు. బాగున్నాయంది, ఫొటోలు తీసుకుంది, అక్కడితో సరి. ఆ అమ్మాయి మనసంతా మా వీధి మొగలో ఉన్న మందుల షాపు మీద.

ఒకసారి జలుబు చేసి అక్కడికి పోయింది. అతను మాత్రల షీటు తీసి, కత్తెరతో కచక్కున నాలుగు మాత్రలు కోసి, చిన్న కాగితం కవర్లో వేసి, దాని మీద 1-0-1 అని రాసి చేతిలో పెట్టాడు. ఇందులో వింతేముంది? ఆ అమ్మాయి మాత్రం ఆ ముక్కను నా దగ్గరికి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూపించింది. మందు పేరు సగానికి తెగిపోయి చివరి రెండక్షరాలే మిగిలాయి. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస షాపులోనే ఉండిపోయింది. వాళ్ల దేశంలో డాక్టరు రాసిన మాత్రలంటే నారింజరంగు ప్లాస్టిక్ డబ్బా, దాని మీద నీ పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలు, ఎప్పుడెప్పుడు వేసుకోవాలి అన్నీ అచ్చువేసిన స్టిక్కరు ఉంటాయి. మూత అయితే పిల్లలు తియ్యలేనంత గట్టిది, నొక్కిపట్టి తిప్పాలి. "ఇక్కడ నా పేరు వద్దు, మాత్ర పేరైనా ఉండొద్దా ఆంటీ?" అంది. నిజమే కదా అనిపించింది. అప్పటి నుంచి నేను కూడా తేదీ ఉన్న వైపు కోసివ్వమంటున్నాను. అతను అదోలా చూసి, తేదీ వైపే కోస్తాడు.

కానీ ఆమెకు అంతకంటే విచిత్రం ఇంకోటి. ఫోన్‌లో డబ్బులు కట్టబోతే ఆ పూట నెట్టు లేదు, జేబులో చూస్తే ఐదొందల నోటు. అతను, "చిల్లర లేదు మా, రేపిద్దువులే" అని పంపించేశాడు. పేరు అడగలేదు, రాసుకోనూ లేదు. మర్నాడు పొద్దున్నే పోయి పదకొండు రూపాయలు ఇస్తే, "దేనికి మా?" అన్నాడట. ఈ సంగతి వాళ్ల అమ్మకు ఫోన్‌లో చెబుతుంటే పైనుంచి నాకు వినబడింది. మన పొద్దున ఏడున్నరకు వాళ్లకు ముందురోజు రాత్రి ఏడు. అరిజోనాలో గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే పద్ధతి లేదు కాబట్టి ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడాయే. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చెయ్యాలంటే మాత్రం మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి లెక్క మార్చుకోవాలి.

తిండి విషయంలో ఏ పేచీ లేదు. మెక్సికో పక్కనే ఉండే రాష్ట్రం కావడంతో మిరపకాయ అలవాటే. సంగటి దగ్గరే కథ నడిచింది. మా అత్తయ్య ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికించి, రాగిపిండి కుప్పగా పోసి, కట్టెతో మధ్యలో బొక్క పెట్టి, మూతేసి మగ్గనిచ్చి, తర్వాత రెండు కాళ్ల మధ్య గిన్నె ఇరికించుకుని గెలికింది. తడిచేత్తో ముద్దలు చుట్టి పళ్లెంలో పెట్టింది. పక్కన నాటుకోడి పులుసు, శెనక్కాయల ఊరుబిండి. ఆ అమ్మాయి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని నమలడం మొదలెట్టింది. నములుతోంది, నములుతోంది, అది పళ్లకు అంటుకుంటోందే గానీ లోపలికి పోవడం లేదు. అత్తయ్య చూసి చూసి, "నమలగూడదు పాపా, పులుసులో ముంచి మింగాల" అని తను తిని చూపించింది. తిండి బాగా నమిలి తినమని ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచి నూరిపోశారు, ఈ పెద్దామె నమలొద్దంటుంది. కళ్లు మూసుకుని మింగేసింది. ఇప్పుడు ఆదివారం అత్తయ్య సంగటి కట్టె తీసిందంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడుతుంది. ఊరుబిండి అయితే సీసాలో పోసుకుని పైకి తీసుకుపోయి బ్రెడ్డుకు రాసుకుంటోంది. వాళ్ల వేరుశెనగ వెన్నలో కారం లేని లోటు ఇలా తీరిందట.

కాగితాల బాధలు ఇద్దరికీ సమానంగా పడ్డాయి. విదేశీయులు ఇంట్లో దిగితే ఇంటివాళ్లు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోతారు, అన్నీ. మా అబ్బాయి డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో చెబుతుంటే నేను టైపు కొట్టాను. వాడికి అక్కడ అర్ధరాత్రి. తేదీల దగ్గరా తంటాయే, వాళ్లు ముందు నెల రాసి తర్వాత రోజు రాస్తారు. మార్చి నాలుగున ఇచ్చిన అద్దె రసీదు మీద 3/4 అని రాసుకుంటే ఇంటాయన ఏప్రిల్ మూడుకు అడ్వాన్సు కట్టేసిందనుకున్నాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న జుట్టు ఆరబెట్టే మెషీన్ అయితే ఒక్క పూట కూడా పనిచెయ్యలేదు. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు పెట్టగానే టప్పుమని పేలి, పైవాటాలో ఫ్యూజు పోయింది.

అన్నిటికంటే నేను నోరెళ్లబెట్టింది పన్ను సంగతి విని. జూన్‌లో ఒక సాయంత్రం మిద్దె మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది, ఏమిటమ్మా అంటే అమెరికా ఇన్‌కమ్‌టాక్స్. ఇక్కడుంటే అక్కడికెందుకు? వాళ్ల చట్టం అంతే, పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా ఏటా లెక్క చెప్పాల్సిందే. బయట దేశాల్లో ఉన్నవాళ్లకు ఏప్రిల్ 15 బదులు జూన్ 15 దాకా గడువు. బయటి బ్యాంకుల్లో మొత్తం పదివేల డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు కూడా విడిగా చెప్పాలి. తిరుపతిలో ఉన్న ఈ అమ్మాయీ, డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయీ ఇద్దరూ ఒకే సర్కారుకు లెక్క అప్పజెబుతున్నారు. వాడు పని చేసేది అక్కడ, ఈమె పుట్టింది అక్కడ.

కొండకు పోలేదా అంటే పోయింది, అలిపిరి మెట్ల మీదుగానే. 2023లో ఆ దారిలో చిరుత ఒక చిన్నపాపను చంపేసిన సంగతి పేపర్లో చదివి ఉంది కాబట్టి గుంపుతోనే నడిచింది. పైన ముందుగా చూసింది శిలాతోరణం. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ఆ రాతి వంపు కింద నేను స్వామి పాదాల కథ చెబితే, తను గాలీ నీళ్లూ దాన్ని ఎలా తొలిచాయో చెప్పింది. ఇద్దరం ఒకరి మాట ఒకరం శ్రద్ధగా విన్నాం. దర్శనానికి మాత్రం హిందువులు కానివాళ్లు స్వామి మీద నమ్మకం ఉందని డిక్లరేషన్ మీద సంతకం చెయ్యాలి. అది చదివి కాసేపు ఆలోచించి, "నాకు గౌరవం ఉంది ఆంటీ, నమ్మకం ఉందని రాయలేను" అని పెన్ను ఇచ్చేసింది. మాతో వచ్చిన పక్కింటామె, "ఊరికే పెట్టెయ్ మా సంతకం, ఎవురు చూడొచ్చినారు" అంది. అబద్ధం రాసి లోపలికి పోవడం కంటే బయట కూర్చోవడమే మంచిదని నాకనిపించింది. మేం దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి పుష్కరిణి మెట్ల మీద ముగ్గురు తమిళ పిల్లలకు గులకరాళ్లు చూపిస్తూ కూర్చుని ఉంది. లడ్డూకి సంతకం అక్కర్లేదు కదా, అది మాత్రం ఇష్టంగా తింది.

వీధిలో వాళ్లు జీతమెంత, పెళ్లయిందా, ఎందుకు కాలేదు అని అడిగినా విసుక్కోదు. ఆ ప్రశ్నలే తిప్పి వాళ్లను అడగడం నేర్చుకుంది, చాలామంది అక్కడితో ఆగిపోయారు. ఆమెకు పడనిదల్లా చెప్పకుండా తలుపు తోసుకుని రావడం. మొదట్లో నేను చారు గిన్నె పట్టుకుని నేరుగా పైకి పోతే ఏమీ అనేది కాదు గానీ మొహంలో ఒక ఉలికిపాటు కనబడేది. తను మాత్రం పైనుంచి కిందికి రావడానికి కూడా వాట్సాప్‌లో "ఆంటీ, రావచ్చా?" అని పెట్టేది. మెట్లు దిగితే మా వంటిల్లు, దానికి మెసేజా అని నవ్వుకున్నాం. రానురాను నాకు అదే హాయిగా ఉంది. నైటీ మార్చుకోవచ్చు, సింకులో గిన్నెలు సర్దుకోవచ్చు. మొన్న ఆ అలవాటులోనే కొర్లగుంటలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి, "సాయంత్రం ఖాళీగా ఉంటావా, రావచ్చా?" అన్నాను. "ఏమక్కా, మా ఇంటికి రావడానికి అడగాల్నా? అంత పరాయిదాన్ని అయిపోయినానా?" అని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు చెప్పకుండా పోయి బతిమాలుకోవాలి.